కోశాధికారి ఊళ్లో దండయాత్ర

లేపాక్షి వెళ్లినవాళ్లు ఏం చేస్తారో మీకు తెలిసిందే. వేలాడే స్తంభం కింద చున్నీనో తువ్వాలునో ఇటు దూర్చి అటు లాగుతారు. ఏడు పడగల నాగలింగం ముందు ఫొటో దిగుతారు. సీతమ్మ పాదం అని చెప్పే గుంటలో నీళ్లు తాకి నెత్తిన చల్లుకుంటారు. ఎండ తగ్గాక రోడ్డు పక్కనున్న నంది దగ్గరకు నడుస్తారు. హైదరాబాద్‌వాళ్లకైతే లేపాక్షి అనగానే ముందు హస్తకళల షోరూమ్ గుర్తొస్తుంది, ఊరు తర్వాత. మేం మాత్రం మొన్న మాఘమాసంలో అక్కడికి వెళ్లింది యుద్ధం మొదలుపెట్టడానికి.

కంగారు పడకండి, బల్ల మీద యుద్ధం. మా అక్క కొడుక్కి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ శనివారాలు కూచుని టేబుల్‌టాప్ వార్‌గేమ్‌లు ఆడతారు. చిటికెన వేలంత సైనికుల బొమ్మలు, అట్టలతో చేసిన కొండలు, టేపు పెట్టి కొలిచి దళాల్ని జరపడం, పాచికలు వేసి ఎవరు చచ్చారో ఎవరు పారిపోయారో తేల్చుకోవడం, ఇదీ వరస. వాళ్ల బల్ల మీద వాటర్లూ ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. రెండుసార్లు నెపోలియనే గెలిచాడట కూడా. ఈసారి ఒక్క రోజు పోరాటం కాదు, నెలల తరబడి సాగే దండయాత్ర ఆడాలనుకున్నారు, అదీ మన గడ్డ మీద జరిగినది. "మామా, నువ్వు హిందూపురంలోనే ఉండావు గదా, రక్కసి తంగడి ఆడతాం, నువ్వు మధ్యస్థం చెయ్యి" అని ఫోన్.

ఒక్క పోరాటానికీ దండయాత్రకూ తేడా ఏమిటో చెప్పాలంటే చదరంగం చాలు. చతురంగ బలాల ఆట మన దేశంలోనే పుట్టిందని గొప్పగా చెప్పుకుంటాం. కానీ చదరంగంలో గుర్రం గడ్డి తినదు. బంటుకు దాహం వెయ్యదు. ఏనుగు రాత్రికి ఎక్కడ పడుకోవాలో ఎవరూ అడగరు. రెండు సైన్యాలూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాక మొదలయ్యే కథ అది. అవి అక్కడిదాకా ఎలా వచ్చాయి, ఎవరి డబ్బుతో వచ్చాయి, ఓడినవాడు తర్వాత ఎటు పోయాడు, ఈ ప్రశ్నల దగ్గర దండయాత్ర ఆట మొదలవుతుంది. పెద్ద పటం ఒకటి గోడకుంటుంది. దాని మీద సైన్యాలు వారాల తరబడి కదులుతాయి. రెండు సైన్యాలు ఒకేచోట తగిలినప్పుడే బొమ్మలు బల్ల మీదకు దిగుతాయి. అక్కడ చచ్చిన బొమ్మ వచ్చేవారం మళ్లీ లేవదు. ఓడిపోతానని తెలిసిన ఆటగాడు మొండిగా నిలబడకుండా వెనక్కి తగ్గడం నేర్చుకునేది ఈ ఆటలోనే.

ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు 1824లో ఇలాంటి ఆటకు నియమాలు రాశాడు. నిజమైన భూమి పటాలు, శత్రువు ఎక్కడున్నాడో కనపడకుండా మధ్యలో ఒక మధ్యవర్తి. చూడ్డానికి అయిష్టంగా వచ్చిన సైన్యాధిపతి మఫ్లింగ్, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అని మెచ్చుకుని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు. ఇక 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అని ఇంట్లో నేల మీద ఆడుకునే యుద్ధానికి పుస్తకం రాశాడు. ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసిపోతుందని ఆయన వాదన. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ పుస్తకం చదవాల్సినవాళ్లు చదవలేదన్నమాట.

మధ్యస్థానికి ఒప్పుకున్నాను గానీ ఒక షరతు పెట్టాను. ఆట బెంగళూరు ఫ్లాట్‌లో కాదు, లేపాక్షిలో మొదలవ్వాలి. "అక్కడ యుద్ధమేదీ జరగలేదు కదా అంకుల్?" అంది గుంటూరు అమ్మాయి. జరగలేదు, అందుకే రమ్మన్నాను.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి పడమటకు తిరిగితే పావుగంటలో లేపాక్షి. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా అంటున్నాం గానీ 2022 దాకా అనంతపురమే. తాబేలు వీపులాంటి బండ మీద వీరభద్రుడి గుడి. కూర్మశైలం అని పేరు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల్లో, ఈ గుడి కట్టించిన విరూపణ్ణ సేనాపతి కాదు, పాలెగాడు కాదు. పెనుకొండలో రాజుగారి కోశాధికారి. డబ్బు లెక్కలు చూసేవాడు.

ఆయన కథ మీకు తెలిసే ఉంటుంది. రాజు ఊళ్లో లేనప్పుడు ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని ఎవరో చాడీలు చెప్పారు. కళ్లు పీకించమని రాజు అన్నాడు. ఆ మాట విని విరూపణ్ణే తన కళ్లు పీకి గోడకేసి కొట్టాడు. కల్యాణమండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. మండపానికి పైకప్పు లేకుండా స్తంభాలు అలా నిలబడి ఉండటానికి కారణం అదేనని చెబుతారు. ఇది జనం నోట నిలిచిన కథ. శాసనాలు మాట్లాడేది మాన్యాల గురించి, ఊళ్ల రాబడి గురించి. నాకైతే రెండూ ఒకే సంగతి చెబుతున్నట్టుంటుంది. ఈ రాజ్యం గుండెకాయ ఖజానా. అక్కడ చిల్లిపడితే రాజు కళ్లు పీకిస్తాడు.

"మీ ఆటలో ఒకడు రాజు, ఒకడు దళవాయి, ఒకడు గుర్రపుదళం అంటున్నారు. కోశాధికారి ఎవరు?" అని అడిగాను. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఉద్యోగం ఎవరికీ వద్దు. చివరికి తుమకూరు అబ్బాయి చెయ్యెత్తాడు, వాడికి స్ప్రెడ్‌షీట్‌లంటే ఇష్టమట.

గుడి లోపల వాళ్లకు కావలసింది వేరే దొరికింది. మండపం పైకప్పు బొమ్మల్లో పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకుని, పల్చటి ఉత్తరీయాలు వేసుకుని, పరివారంతో నిలబడ్డ విరూపణ్ణ, వీరణ్ణ కనిపిస్తారు. పందివేట ఉంది, కిరాతార్జునీయం ఉంది. విజయనగరం మనుషులు ఎలా ముస్తాబయ్యేవారో ఇంత స్పష్టంగా చూపించే రంగులు ఇంకెక్కడా ఇంత దగ్గరగా దొరకవు. బొమ్మలకు ఏ రంగులు వెయ్యాలా అని నెట్‌లో వెతుకుతున్న పిల్లలు మెడలు నొప్పులు పుట్టేదాకా పైకే చూశారు. బొమ్మలు అచ్చుపోసినవి కొనక్కర్లేదు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు, తోలు ముక్కల మీద కుళ్లాయివాళ్లను, గుర్రాలను గీయించుకుందాం అన్నది ఆ అమ్మాయే. ధర్మవరం దగ్గరే కాబట్టి పెద్ద దూరం కాదు. ఆ ఆలోచన నాకు తెగ నచ్చింది.

ప్రాకారంలో బండ మీద పళ్లేల్లాంటి గుండ్రటి గుంటలుంటాయి. శిల్పులు అన్నం తిన్న పళ్లేలని గైడ్లు చెబుతారు. నిజమో కాదో గానీ, మా తుమకూరు కోశాధికారి అక్కడ ఆగిపోయాడు. "ఇంతమందికి రోజూ అన్నం పెట్టడానికి ఎన్ని బండ్ల ధాన్యం కావాలంకుల్?" ఆట అక్కడ మొదలైందని నా లెక్క.

నంది దగ్గర చెట్టు నీడలో పటం పరిచాం. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిల నంది పక్కన మా అట్టపటం నవ్వులాటగానే ఉంది. అసలు వాదన ఇక్కడే వచ్చింది.

మావాడికి రక్కసి తంగడే కావాలి. 1565 జనవరి 23. కృష్ణ ఒడ్డు. అంత పెద్ద సైన్యాలు, అంతమంది సుల్తానులు. ఆటకు కావలసిన మసాలా అంతా ఉంది, కాదనను. నది దాటడానికి సుల్తానుల సైన్యం చేసిన మాయ చూడండి. రేవు దగ్గర విజయనగర సైన్యం కాపుంది. వీళ్లు నది వెంబడే రోజుల తరబడి ఇంకోవైపు నడిచారు, అక్కడెక్కడో దాటతారని అవతలి ఒడ్డున విజయనగర సైన్యం కూడా వెంట నడిచింది. ఉన్నట్టుండి వీళ్లు వెనక్కి తిరిగి, కాపు లేని మొదటి రేవులోనే దాటేశారు. ఫిరిష్తా రాసిన ఇంకో ముచ్చట ఉంది. అహ్మద్‌నగర్ ఫిరంగుల్లో చివరికి రాగి నాణేల సంచులు కూరి, దగ్గరకొచ్చినవాళ్ల మీద పేల్చారట. డబ్బే గుండు. విరూపణ్ణ వింటే ఏమనేవాడో.

పటం మీద రంగులు వెయ్యడం మొదలుపెట్టారు. మావాడు విజయనగరానికి కాషాయం, సుల్తానులకు పచ్చ వేశాడు. ఆదోని కుర్రాడు అప్పటిదాకా బాగానే మాట్లాడుతున్నవాడు చప్పబడిపోయాడు. కాసేపాగి అన్నాడు: "అంకుల్, స్కూల్లో ఈ పాఠం వచ్చినప్పుడు క్లాసంతా తిరిగి నావైపు చూసేవాళ్లు. నేనే హంపీ పగలగొట్టినట్టు. ఇప్పుడు ఇక్కడ కూడా నేనే సుల్తానా?"

ఎవరూ వాణ్ణి సుల్తాన్‌గా ఉండమనలేదు. కానీ ఆడమని అడగబోతున్నారని అందరికీ తెలుసు. మావాడి చేతిలో పచ్చ స్కెచ్‌పెన్ అలాగే ఉండిపోయింది.

అప్పుడు మధ్యవర్తిగా నేను చేసిన పని ఒక్కటే. పటాన్ని 20 ఏళ్లు వెనక్కి జరిపాను. 1543లో గోల్కొండలో అన్న జంషీద్ గద్దెనెక్కితే తమ్ముడు ఇబ్రహీం కుతుబ్‌షా పారిపోయి వచ్చి తలదాచుకున్నది విజయనగరంలో, రామరాయల దగ్గర. ఏడేళ్లు ఉన్నాడు, తెలుగు నేర్చాడు, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయనే 1565లో రామరాయలకు ఎదురు నిలబడ్డాడు. బీజాపూర్ అలీ ఆదిల్‌షా అంతకుముందు రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ మీదకు వెళ్లినవాడు. రామరాయల కొడుకు పోయినప్పుడు పరామర్శకు స్వయంగా విజయనగరం వచ్చాడు, రామరాయల భార్య ఆయన్ను కొడుకుగా చూసుకుందని ఫిరిష్తానే రాశాడు. తర్వాత అదే అలీ, అహ్మద్‌నగర్ సుల్తాను కూతురు చాంద్‌బీబీని పెళ్లాడాడు, షోలాపూర్ కోట కట్నంగా వచ్చింది. ఆ పెళ్లితోనే జట్టు కుదిరింది. ఇక విజయనగర సైన్యంలో పెద్ద పెద్ద ముస్లిం సేనానులుండేవారు. రెండు రంగుల్లో ఈ కథ ఎలా గీస్తారు?

"అయితే ఐదు రంగులు కావాలి" అన్నాడు తుమకూరు అబ్బాయి. "ప్రతి ఏడాది మారేట్టు" అంది గుంటూరు అమ్మాయి. ఒక్కరోజు పోరాటంగా ఆడితే ఈ కథ తప్పుగానే వస్తుంది. ఆ రోజు పొద్దున ఎవరు ఎటు నిలబడ్డారో అంతే కనపడుతుంది. దండయాత్రగా, ఏళ్ల తరబడి ఆడితే నిన్నటి చుట్టం ఇవాళ శత్రువెలా అయ్యాడో ఆడేవాడే చేసి చూడాల్సి వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, ఇలాంటి ఆటలు మన చరిత్ర మీద రావాలని నేను కోరుకోవడానికి.

చీట్లు వేశాం. గోల్కొండ మావాడికొచ్చింది. పెనుకొండ రాయలు ఆదోని కుర్రాడికి. వాడి మొహం వెలిగిపోయింది. ఆ అమ్మాయికి బీజాపూర్‌తో పాటు పాలెగాళ్లు, నాయకులు. తుమకూరు అబ్బాయి అందరి ఖజానా లెక్కలూ చూడాలి. కాలం కూడా మార్చుకున్నాం. రక్కసి తంగడి అయ్యాక తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీదకెక్కించుకుని పెనుకొండ చేరాడు, అదే రాజధాని అయింది. 1589 ప్రాంతంలో రెండో వేంకటపతిరాయల మీదకు గోల్కొండ నుంచి మహమ్మద్ కులీ కుతుబ్‌షా వచ్చాడు. హైదరాబాద్ కట్టించిన ఆయనే. మా ఆట అక్కడ మొదలు. లేపాక్షికి 50 కిలోమీటర్ల లోపే జరిగిన ముట్టడి, మనలో ఎంతమందికి తెలుసు?

పటం మీద చెరువులు గుర్తుపెడుతుంటే గొర్రెలు కాసుకునే పెద్దాయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "ఏం సామీ, భూమి కొలతలా?" గొంతులో భయం తెలుస్తూనే ఉంది. ఈ పక్క పటాలు పట్టుకుని ఎవరు తిరిగినా జనానికి ముందు వచ్చే అనుమానం అదే. కాదప్పా, ఆట అని చెప్పి, ఐదువందల ఏళ్ల కిందటి దండు, ఉత్తరం నుంచి గుర్రాలూ ఎద్దులతో వస్తోందన్నాం. ఆయన నవ్వలేదు. కర్ర మీద గడ్డం ఆనించి పటం చూశాడు. "ఎన్ని తలకాయలు?" అన్నాడు. గుర్రాలు పదివేలు, ఎద్దులు ఇంకెన్నో అన్నాడు మావాడు.

"యా కార్తెలో వస్తాండారు?"

ఆ ప్రశ్న మావాడి నియమాల పుస్తకంలో లేదు. వాళ్ల ఆటలో ఒక్కో ఎత్తు ఒక నెల. పెద్దాయన చెప్పుకుపోయాడు. "శివరాత్రి దాటితే ఈ పక్క చిన్న కుంటలన్నీ ఎండిపోతాయి. పెద్ద చెరువుల్లో ఉంటాయి, అదీ పోయినేడు వాన పడింటే. మంద తోలేటోడు ఒకనాడు ముందే మనిషిని పంపల్ల, నీళ్లుండాయో లేదో చూసేకి. చూడకుండా పోతే వెనక్కి వచ్చేకి సగమే ఉంటాయి."

పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ విజయనగరంలో ఉండి తన వృత్తాంతం రాసింది 1535-37 మధ్య, సరిగ్గా లేపాక్షిలో ఉలులు మోగుతున్న రోజుల్లో. 1520లో కృష్ణరాయలు రాయచూరు మీదకు వెళ్లిన దండు గురించి చెబుతూ పదీ పన్నెండు వేల మంది తోలుతిత్తులతో నీళ్లు మోస్తూ దారి పొడవునా నిలబడ్డారని రాశాడు, జనం దాహంతో చావకుండా. ఆయన సైన్యాల అంకెలు నమ్మడం కష్టం. ఆ తిత్తులవాళ్లను మాత్రం నమ్ముతాను. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానకు అటూ ఇటూ ఉండే ఈ మెట్టసీమకు వచ్చే ఏ దండైనా ముందు ఓడించాల్సింది ఆ అంకెను.

దాంతో నెలలు తీసేశాం. ఒక్కో ఎత్తు ఒక కార్తె. ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ఎవరో పెద్దలు మన కోసమే ఆట క్యాలెండర్ తయారుచేసి పెట్టినట్టుంది. ఎద్దులూ ఫిరంగులూ ఉన్న దండు రోజుకు ఒక ఆమడ, అంటే ఎనిమిది మైళ్లకు మించి నడవదని పెట్టుకున్నాం. గోల్కొండ నుంచి పెనుకొండ 400 కిలోమీటర్ల పైమాట, అంటే ఎక్కడా ఆగకుండా నడిచినా నెల రోజులు. మధ్యలో కృష్ణ, తుంగభద్ర, పెన్న. ప్రతి కార్తెకూ వానకు పాచిక వెయ్యాలి. ఇక్కడొక మెలిక పెట్టాను. ఒక పాచిక కాదు, రెండు. ఒకటి ఈ సీమ వానకు, రెండోది పడమటి కనుమల్లో వానకు. ఎందుకంటే మన దగ్గర మబ్బు లేకపోయినా మహారాష్ట్ర కొండల్లో పడితే కృష్ణ పొంగుతుంది.

ఆ రాత్రి హిందూపురంలో మా ఇంట్లో భోజనాల బల్ల ఖాళీ చేసి కూచున్నాం. మధ్యలో పుస్తకాల దొంతర పెట్టి దుప్పటి కట్టాం, ఒకరి సైన్యం ఒకరికి కనపడకుండా. మావాడు సంక్రాంతికల్లా, ఉత్తరాషాఢ కార్తెలోనే బయల్దేరాడు. తెలివైన పనే. రేవతి కార్తెకు పెనుకొండ కింద గుడారాలు వేశాడు. కోటలో ధాన్యం తక్కువుంది, మా కోశాధికారి లెక్క ప్రకారం నాలుగు కార్తెలకే సరిపోతుంది. ఆదోని కుర్రాడు కాసేపు పటం చూసి, నా చేతికి చీటీ ఇచ్చాడు. గోల్కొండవారితో రాజీకి సిద్ధం, సామంతుడిగా ఉంటాను, సైన్యాన్ని కాస్త వెనక్కి జరపండి, షరతులు మాట్లాడుకుందాం.

నేను ఉలిక్కిపడ్డాను. వాడికి అసలు ముట్టడి ఎలా నడిచిందో నేను చెప్పలేదు. చరిత్రలో వేంకటపతిరాయలు చేసిందీ అదే. సంధి అన్నాడు, కుతుబ్‌షా సైన్యం వెనక్కి జరిగింది, ఆ సందులో రాయలు కోట నిండా ధాన్యం, మందుగుండు నింపుకున్నాడు. జగదేవరాయలు లాంటి సామంతులు సాయానికి వచ్చారు. మళ్లీ ముట్టడించేసరికి కోట లొంగలేదు. ఈలోగా వానాకాలం ముంచుకొచ్చింది. కృష్ణ పొంగితే వెనక్కి దారి మూసుకుపోతుందని కుతుబ్‌షా ముట్టడి ఎత్తేసి వెళ్లిపోయాడు. గోల్కొండ ఫిరంగులు చెయ్యలేని పని, బండెద్దులూ పంచాంగమూ చేశాయి.

మావాడు సంధికి ఒప్పుకుని రెండు ఆమడలు వెనక్కి జరిగాడు. తర్వాత మోసం తెలిసి మళ్లీ కమ్ముకున్నాడు. రోహిణి వచ్చింది. సీమ పాచిక వేస్తే ఒకటి. మృగశిరకు మళ్లీ ఒకటి. చుక్క వాన లేదు, వాడి శిబిరం పక్క చెరువు అడుగంటింది, గుర్రాలు మూడోవంతు పోయాయి. "పోనీలే, వాన లేకపోతే కృష్ణ దాటొచ్చు, వెళ్లిపోతాను" అన్నాడు. ఆరుద్రకు రెండో పాచిక వేశాను. ఆరు. కనుమల్లో కుండపోత, కృష్ణ రెండు గట్లూ తన్నుకుంటూ పోతోంది.

"ఇదేం న్యాయం మామా! ఇక్కడ తాగేకి నీళ్లు లేవు, అక్కడ దాటేకి లేకుండా నీళ్లా?"

మా అక్క వంటింట్లోంచి పెద్దగా నవ్వింది. "ఈ సీమలో పుట్టినోనికి ఇప్పుడు తెలిసిందా నాయనా!"

రాగిసంగటి, ఊరిబిండి తెచ్చి పెడుతూ ఆమె బల్ల మీద చూసింది. గోల్కొండ దండు తిండి కోసం పెనుకొండ చుట్టూ ఊళ్లను ఊడ్చేసింది కదా, పటం మీద ఆ ఊళ్ల దగ్గర చిన్న చిన్న ఇంటూ గుర్తులు పెట్టారు. అవేమిటని అడిగింది. దోచుకున్న ఊళ్లు అన్నాడు మావాడు. "గుర్రాలకు బొమ్మలుండాయి, ఏనుగులకు ఉండాయి. ఈ ఊళ్లోవాళ్ల బొమ్మలేవీ?"

ఎవరూ మాట్లాడలేదు. అక్క వెళ్లి దోసెడు చింతపిక్కలు తెచ్చి బల్ల మీద పోసింది. పిల్లలు వాటితో పులి-మేక ఆడుకుంటారని ఉంచినవి.

ఆ రాత్రి పన్నెండు దాకా కూచుని కొత్త నియమం రాశారు. నాకు మొత్తం ఆటలో నచ్చిన నియమం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ప్రతి ఊరికీ ఐదు చింతపిక్కలు. ఏ దండు, తనదైనా సరే పరాయిదైనా సరే, ఆ ఊరి తిండి తింటే ఒక పిక్క తియ్యాలి. మూడు పిక్కలకు తగ్గిన ఊరు చెరువు పూడిక తియ్యలేదు. పూడిక తియ్యని చెరువు మరుసటి ఏడు నిండదు. చెరువు నిండకపోతే పన్ను రాదు, ఖజానా పడిపోతుంది, కోశాధికారి రాజు ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. పోయిన పిక్క తిరిగి రావాలంటే యుద్ధం లేని రెండేళ్లు గడవాలి. కొత్త చెరువు కట్టించాలంటే ఎంత ఖర్చు పెట్టాలన్న దానికి నేను పోరుమామిళ్ల శాసనం ఆధారం ఇచ్చాను. కడప జిల్లాలో 1369 నాటి శాసనం అది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులోనే ఉంది. మా లెక్కలో అది రెండువేల మంది గుర్రపుదళాన్ని ఏడాది పోషించే ఖర్చు. ఆదోని రాయలు గుర్రాలు కొనాలా చెరువు కట్టాలా అని అరగంట తల గీరుకున్నాడు. గుర్రాలే కొన్నాడు. రాజులంతా అంతే అంది మా అక్క.

తెల్లారి పెనుకొండ వెళ్లాం. హిందూపురం నుంచి గంట ప్రయాణం కూడా లేదు. రైల్లో బెంగళూరు పోతూ వస్తూ వందసార్లు చూసిన కొండే. గగన్‌మహల్ చూసేసి కొండెక్కడం మొదలుపెడితే సగం దారిలో పిల్లలకు నోరు పిడచకట్టుకుపోయింది. మాఘమాసం ఎండకే అలా ఉంటే రోహిణిలో, కవచంతో, నిచ్చెనలు మోసుకుంటూ ఎక్కేవాడి సంగతి ఎవరికి వాళ్లే ఊహించుకున్నారు. పై నుంచి చూస్తే కోట ఎందుకు నిలబడిందో తెలిసిపోతుంది. చుట్టూ నాలుగు దిక్కులా ఎర్రమట్టి, బండలు, దూరంగా ఎక్కడో తళుక్కుమనే ఒకటీ అరా చెరువు. ముట్టడించేవాడు ఎక్కడ నీళ్లకు పోవాలో కోటలోవాడికి ముందే కనపడుతుంది. మావాడు తన గుడారాలు వేసిన చోటు వెతుక్కున్నాడు. అక్కడిప్పుడు వేరుశనగ పీకేసిన చేను ఒకటి, దాని మధ్య ఎండిన బోరు గొట్టం ఉన్నాయి. చాలాసేపు చూశాడు గానీ ఏమీ అనలేదు.

ఆట ఇంకా నడుస్తోంది. వాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు, ఎత్తులు ఫోన్‌లో నాకు చెబుతారు, పటం మా వరండా గోడకే ఉంది. ఇప్పుడు స్వాతి కార్తె. కృష్ణ తగ్గింది. గోల్కొండ దండులో సగం మిగిలి కర్నూలు దాకా చేరుకుంది. బీజాపూర్ అమ్మాయి మొన్నటిదాకా తటస్థం అన్నది, ఇప్పుడు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడుతోంది. ఇద్దరికీ తాను చెబుతున్నవి నాకు మాత్రమే తెలుసు, నేను నోరు విప్పకూడదు. పెనుకొండ చుట్టుపక్కల ఊళ్లలో పిక్కలు మొత్తం లెక్కపెడితే ముప్ఫైకి పదకొండు మిగిలాయి. ఆదోని కుర్రాడు ఆ ఊళ్లకు ఈ ఏడు పన్ను మాఫీ చెయ్యాలా, లేక పారిపోతున్న దండును తరమడానికి ఆ డబ్బుతో గుర్రాలను కదపాలా అని ఆలోచిస్తున్నాడు. ఆదివారంలోగా ఎత్తు చెప్పాలి. ఇంకా చెప్పలేదు.